చిన్న కారులో పొరుగు దేశాల ప్రయాణము

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ మాటయందు భయముకంటె జాగ్రత్తయే ఎక్కువగా కనిపించును. దూరము పోవువాడు ముందుగా బండి ఇరుసునకు కందెన పెట్టి, పిదప దారిబత్తెము మూటగట్టుకొని కదలెడివాడు. ఇప్పుడు బండి మారినది, దారి మారినది. కాని కందెన ముందు, మూట తరువాత అను క్రమము మాత్రము మారలేదు. ఈ క్రమమును మరచి నేనొకసారి చిక్కులో పడితిని. రెండు సీట్ల చిన్న స్పోర్ట్సు కారును విదేశ ప్రయాణమునకు ఎట్లు సిద్ధము చేయవలెనో, అందులో ఏమి సర్దవలెనో, ఏమి విడువవలెనో ఆ అనుభవము ఆధారముగా వివరింతును.

స్పోర్ట్సు కారు అనగానే పందెములలో పరుగెత్తు కారని కొందరు తలంచెదరు. అది సరికాదు. ఇద్దరు కూర్చుండుటకు వీలుగా, నేలకు దగ్గరగా, తేలికగా, మలుపులలో చురుకుగా తిరుగునట్లు నిర్మింపబడిన కారునకు సాధారణముగా ఈ పేరు చెల్లును. పెక్కు కార్లకు పైకప్పుగా గుడ్డ మూత మాత్రమే యుండును. ఎండ కాసినపుడు దానిని వెనుకకు మడచివేయవచ్చును. నడపుటలోని ఆనందమే ఆ కారు ప్రయోజనము. సామాను మోయుట దాని పని కాదు. అట్టి కారును సామానుతో నింపి, రానుపోను 2,000 కిలోమీటర్లకు పైబడిన దూరము నడపదలచినపుడే సమస్య యంతయు వచ్చును.

ఉద్యోగరీత్యా నేను కొన్ని సంవత్సరములు ఇంగ్లండునందుంటిని. అక్కడ నొక పాత ఎం.జి.బి. కారును కొంటిని. అది 1972లో తయారైనది. ఈ రకపు కార్లు 1962 మొదలు 1980 వరకు ఆబింగ్డను పట్టణమునందలి కర్మాగారమున తయారైనవి. గట్టి కప్పుగల నమూనాతో కలిపి లెక్కించినచో వాటి సంఖ్య ఐదు లక్షలు దాటినది. ఇంజను 1,798 సి.సి.; పొడవు నాలుగు మీటర్లకు లోపు; బరువు సుమారు వేయి కిలోలు. మేము దంపతులము ఈ కారులో ఇటలీ సరిహద్దునందలి ఆల్ప్సు పర్వతములకు పోవ నిశ్చయించితిమి. ఫోక్‌స్టన్ వద్ద కారును రైలెక్కించినచో, 1994లో తెరచిన ఛానెల్ సొరంగము గుండా 35 నిమిషములలో ఫ్రాన్సునందలి కలే చేరవచ్చును. అటుపై ఫ్రాన్సు, స్విట్జర్లండు దాటి స్టెల్వియో కనుమ చేరుట మా సంకల్పము. ఆ కనుమ ఎత్తు 2,757 మీటర్లు. కార్లో డొనెగానీ అను ఇంజనీరు 1820 – 1825 సంవత్సరముల మధ్య నిర్మించిన ఆ రోడ్డున ఒక్క ప్రాటో వైపుననే 48 గుండుసూది మలుపులున్నవి. శీతకాలమున మంచు కారణముగా దానిని మూసివేయుదురు. కావున బయలుదేరుటకు ముందు కనుమ తెరచినదీ లేనిదీ తెలిసికొనుట మొదటి పని.

మేము పది దినములు పెట్టెలు సర్దితిమి. కారునకు మెరుగు పెట్టించితిమి. వెనుక డిక్కీపై మెరయు సామాను చట్రము నొకటి బిగించితిమి. బ్రేకు ఆయిలు మార్చుట మాత్రము తరువాత చూచుకొందమని విడిచితిని. అదియే నా తప్పు.

ఆ తప్పు ఎంతటిదో తెలియవలెనన్న బ్రేకు పనిచేయు విధము తెలియవలెను. బ్రేకు వేసినపుడు కారు వేగము మాయము కాదు, వేడిగా మారును. కనుమ పైనుండి ప్రాటో గ్రామమునకు దిగుటలో ఎత్తు 1,800 మీటర్లకు పైగా తగ్గును. ఇద్దరు మనుష్యులతో, సామానుతో కలిసి 1,250 కిలోల బరువుగల కారు అంత ఎత్తు దిగుటలో వెలువడు శక్తి, 60 లీటర్ల చన్నీటిని మరగుదశకు తెచ్చుటకు చాలును. అందు గాలి కొంతయు, ఇంజను కొంతయు తీసికొనగా మిగిలినదంతయు బ్రేకుల పాలగును. బ్రేకు ఆయిలునకు తేమను పీల్చుకొను స్వభావము గలదు. డాట్-4 తరగతి ఆయిలు కొత్తగా నున్నపుడు 230 డిగ్రీల లోపున మరుగరాదని ప్రమాణము. తేమ పట్టిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవును. మరిగినచో ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము ఒత్తిడికి లొంగదు గనుక పాదపు బలమును చక్రములకు అందించును. ఆవిరి ఒత్తిడికి లొంగిపోవును. అప్పుడు పెడలు అడుగంట దిగును గాని కారు ఆగదు.

మాకు సరిగా అట్లే జరిగినది. కనుమ దాటి, బ్రేకుపై కాలుంచియే పదిపన్నెండు మలుపులు దిగితిమి. పిదప మలుపు సమీపించుచుండగా పెడలు మెత్తబడి క్రిందికి పోయినది. ఎదుట చిన్న రాతిగోడ, దానికావల లోయ. పెడలును పదేపదే త్రొక్కి, గేరును రెండవదానికి, పిదప మొదటిదానికి దించి, చేతిబ్రేకును మెల్లగా లాగి, గోడకు రెండు బారల దూరమున కారును నిలిపితిని. చేతిబ్రేకు ఆయిలుతో గాక ఇనుప తీగతో పనిచేయును గనుక బ్రతికితిమి. అరగంట సేపు ఇద్దరమును రాతిపై కూర్చుంటిమి. నా భార్య చాలసేపు మాటాడలేదు. తుదకు, "ఏమండీ, పది రోజులు కూర్చుని పెట్టెలు సర్దుకున్నాం. దీనికి ఒక్క పూట పెట్టి ఉంటే బాగుండేది కదా?" అన్నది. నాయొద్ద సమాధానము లేదు.

కావున మొదటి సూత్రమిది: పెట్టె తెరచుటకు ముందు బానెట్ తెరవవలెను. బ్రేకు ఆయిలును రెండేండ్లకొకసారి, పర్వతయాత్రకు ముందు తప్పక మార్పించవలెను. కొండ ఎక్కుటకు ఏ గేరు అవసరమైనదో దిగుటకును అదియే గేరు వాడవలెను. అప్పుడు బరువులో అధికభాగమును ఇంజనే ఆపును. బ్రేకును ఎడతెగక నొక్కియుంచక, గట్టిగా నొక్కి విడచుచుండవలెను.

రెండవది టైర్లు. బ్రిటనులోను ఐరోపా దేశములలోను గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కాని పాత కారు ఏడాదికి కొద్ది దినములే తిరుగును గనుక, గాడి అరుగకయే రబ్బరు ముదిరిపోవును. టైరు ప్రక్కభాగమున నాలుగంకెల గుర్తుండును. మొదటి రెండంకెలు తయారైన వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. స్టెప్నీపై గుర్తును సైతము చూడవలెను. పూర్తి బరువునకు ఎంత గాలి పట్టవలెనో కారు పుస్తకమున చెప్పబడియుండును.

మూడవది ఇంజను చల్లదనము. సముద్రమట్టమున 100 డిగ్రీల వద్ద మరుగు నీరు స్టెల్వియో ఎత్తున సుమారు 91 డిగ్రీలకే మరుగును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఈ మరుగు హద్దును పైకి జరుపును. మూత రబ్బరు చెడినయెడల ఆ రక్షణ పోవును. చిన్న గేరులో మెల్లగా ఎక్కునపుడు ఎదురుగాలి తక్కువ. ఇంజను శ్రమ ఎక్కువ. కావున మూత, గొట్టములు, ఫ్యాన్ బెల్టు ముందే చూచుకొనవలెను. దారిలో వేడి పెరిగినచో లోపలి హీటరును పూర్తిగా తెరచినయెడల కొంత వేడి ఇటు వచ్చును. ప్రయాణికులకు చెమట పట్టినను ఇంజను నిలుచును. కాగియున్న రేడియేటరు మూతను మాత్రము తెరువరాదు. లోపలి ఆవిరి ముఖముపైకి చిమ్మును.

నాలుగవది పెట్రోలు. 2021 సెప్టెంబరు మొదలు బ్రిటనులో సాధారణ పెట్రోలు పదిశాతము వరకు ఇథనాలు గలది. పాత కార్ల రబ్బరు గొట్టములను అది మెత్తబరచి చెడగొట్టును. తగిన గొట్టములు వేయించుకొనవలెను. లేదా ఇథనాలు తక్కువగల మేలురకము పోయించవలెను. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనై, కార్బురేటరు గల ఇంజను శక్తి కనుమపై ఇంచుమించు నాలుగవ వంతు తగ్గును. అది జబ్బు కాదు. ముందుగా తెలిసియున్నచో కంగారుండదు.

ఇక సామాను సంగతి. గట్టి పెట్టెలు ఈ కారునకు పనికిరావు. ఎం.జి.బి. డిక్కీలో స్టెప్నీయే అడుగున చాలచోటు నాక్రమించియుండును. దాని చుట్టునున్న మూలలలో ఇమిడిపోవు మెత్తని గుడ్డసంచులే తగినవి. గుడ్డ కప్పు వానకు కారవచ్చును గనుక బట్టలను ముందు ప్లాస్టిక్ సంచులలో చుట్టవలెను. బరువైన వస్తువులను క్రిందుగా, సీట్లకు దగ్గరగా నుంచవలెను. వెనుక ఇరుసునకు ఆవల బరువు పెరిగినచో కారు ముందుభాగము తేలికపడి స్టీరింగు పట్టు సడలును. దీపముల కాంతి పైకి లేచి ఎదుటివారి కండ్లలో పడును. కావున డిక్కీపై చట్రమున తేలికైన వస్తువులనే కట్టవలెను. నీళ్ళసీసా వంటి దొర్లెడి వస్తువులను డ్రైవరు పాదముల దరి నెన్నడు నుంచరాదు. అవి పెడలు క్రింద దూరినచో బ్రేకు పడదు.

తీసిన వెంటనే చేతికందవలసిన వస్తువులేవో ఆలోచించి సర్దుటయే ఇందులో కిటుకు. పంక్చరైనచో స్టెప్నీ కొరకు డిక్కీ యంతయు రోడ్డుప్రక్కన ఖాళీ చేయవలసియుండును. అందుచే జాకీ, చక్రపు పనిముట్లు, హెచ్చరిక త్రికోణము పైవరుసలో నుండవలెను. నా కారునకు సీట్ల వెనుక నేలక్రింద ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుండెను. ఆ చోట సంచులు కుక్కినచో బ్యాటరీ తీగ సడలినపుడు మొదట సంచులతో యుద్ధము చేయవలసివచ్చును. విడిభాగములలో ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, బల్బులు, కొన్ని స్పానర్లు, ఇనుప తీగ, ఒక లీటరు ఇంజనాయిలు చాలును. దారిలో దొరకనిదానికి చోటు మొదట. ఎచ్చటనైనను దొరకు సబ్బునకు, తువ్వాలునకు చోటు చివర. ఇద్దరికిని మూడేసి జతల బట్టలు చాలును.

కాగితములు వేరుగా ఒక సంచిలో నుండవలెను. రిజిస్ట్రేషను పత్రము అసలు ప్రతి, బీమా పత్రము, డ్రైవింగు లైసెన్సు, పాస్‌పోర్టు ముఖ్యము. మావలె భారత పాస్‌పోర్టుపై ప్రయాణించువారికి ఫ్రాన్సు మొదలగు దేశములకై షెన్‌గెన్ వీసా కావలెను. కారు వెనుక దేశచిహ్నము అతికించవలెను. బ్రిటిషు కార్లకు 2021 సెప్టెంబరు 28 నుండి పాత 'జి.బి.' గుర్తునకు బదులు 'యు.కె.' గుర్తు వచ్చినది. ఫ్రాన్సులో త్రికోణమును, మెరయు రంగు చొక్కాయును తప్పనిసరి. ఆ చొక్కా డిక్కీలో గాక లోపల చేతికందుచోట నుండవలెను. కారు దిగుటకు ముందే తొడుగవలెను గదా! స్విట్జర్లండు మోటారు రహదారులపై పోవుటకు 40 ఫ్రాంకుల వార్షిక ముద్ర కొనవలెను. 2023 నుండి అది ఎలక్ట్రానిక్ రూపమునను లభించుచున్నది. బ్రిటిషు కార్ల దీపములు ఎడమచేతి ప్రయాణమునకు దిద్దబడినవి గనుక, కుడిప్రక్కన నడచు దేశములలో ఎదుటివారి కండ్లు చెదరకుండ అద్దములపై తగిన అట్టలు అతికించవలెను. డ్రైవరు సీటు కుడివైపున నుండుటచే ముందు లారీని దాటునపుడు ఎదుటి దారి డ్రైవరునకు కనబడదు. ప్రక్కనున్నవారి చూపే డ్రైవరు చూపు. కావున వారికి నిద్ర తగదు!

తుదకొక్క మాట. బయలుదేరుటకు వారము ముందు కారును పూర్తిగా సర్ది, ఇద్దరును కూర్చుండి నూరు కిలోమీటర్లు నడిపి చూడవలెను. గలగలలాడునది, కారునది, అడ్డు తగులునది అంతయు ఆ దినమే బయటపడును. తిరిగి వచ్చి అనవసరములను తీసివేయవలెను.

మరుసటి సంవత్సరము మేము మరల అదే దారిన పోతిమి. కొత్త బ్రేకు ఆయిలు పోయించితిని. డిక్కీపై చట్రమును ఊడదీసితిని. రెండు గుడ్డసంచులే మా సామాను. రెండవ గేరులో మెల్లగా దిగుచు, గత సంవత్సరము గండము గడచిన మలుపు వద్దనే, ఈసారి మా ఇచ్ఛతో కారు నాపితిమి. ఎదుట 3,905 మీటర్ల ఆర్ట్‌లర్ శిఖరము మంచుతో మెరయుచుండెను. క్రిందటిసారి ఆ రాతిపై అరగంట కూర్చుండియు మేము దానిని చూడనే లేదు.