లారీ కొలువు మర్యాదగా వదలుట



మీ గ్రామమునుండి విజయవాడ వెళ్ళి లారీ డ్రైవరుగా కుదిరిన యువకుడొకడు ఏదో ఒకనాడు మీ అరుగు మీదికి వచ్చి, "బాబాయిగారూ, ఇక ఆ బండి ఎక్కలేను, మానివేయుదునా?" అని అడుగును. అతనికి మీరేమి చెప్పవలెననునదే నేటి ప్రసంగ విషయము. నేను విజయవాడ లారీ ఆఫీసులలో కొన్ని సంవత్సరములు లెక్కలు వ్రాసినవాడను. చేరవచ్చిన డ్రైవర్లను చూచితిని, వదలిపోయిన డ్రైవర్లను చూచితిని. చేరునాడు అందరును వినయవంతులే. కొలువు వదలు నాలుగు దినములలో వాడు చేసిన పనినిబట్టియే ఆటోనగరులో వాని పేరు నిలుచుచుండును.

విజయవాడకు ఇంత లారీ వ్యాపారము ఎట్లు వచ్చినదో మీకు తెలిసినదే. చెన్నైనుండి కోల్‌కతా పోవు రహదారియు, హైదరాబాదు మీదుగా మచిలీపట్నము చేరు రహదారియు ఇక్కడనే కలియుచున్నవి. పూర్వము వాటిని 5వ నంబరు, 9వ నంబరు అనుచుండిరి. నేడవి 16, 65. అంతకుముందు, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత, డెల్టా ధాన్యము కాలువల మీద పడవలలో సాగుచుండెడిది. మీలో వృద్ధులైనవారు ఆ పడవలను చూచియుందురు. సరంగు సరుకును రేవు చేర్చి, దింపించి, అప్పుడు గదా సెలవడిగెడివాడు. నడికాలువలో గడ పారవేసి గట్టెక్కినవానిని మరల ఎవరు పిలుతురు?

లారీ విషయమును అంతే. ఎందుకు మానినాడనుదానికంటె, బండిని ఎక్కడ వదలినాడనునదే ముఖ్యము. ఒక సంగతి చెప్పెదను. కైకలూరు ప్రాంతపు చెరువుల చేపలు మంచుతో పెట్టెలలో పేర్చబడి కోల్‌కతాకును, దానికి ఆవలనున్న అస్సామునకును పోవుచుండును. విజయవాడనుండి కోల్‌కతా సుమారు 1,200 కిలోమీటర్లు. అట్టి లోడుతో పోవుచున్న డ్రైవరొకడు యజమానితో ఫోనులో మాటకు మాట పెరిగి, ఒడిశాలో ఒక పెట్రోలు బంకు వద్ద లారీ నిలిపి, తాళములు బంకు కుర్రవాని చేతబెట్టి, రైలెక్కి ఇల్లు చేరెను. అతని కోపము అన్యాయమైనది కాదు. మూడు నెలల జీతము అతనికి రావలసియుండెను. కాని వేరొక డ్రైవరు అక్కడికి చేరులోపల మంచు కరగెను, చేపలు చెడెను. అంతవరకు బాకీదారుగానున్న యజమాని ఒక్క పూటలో ఫిర్యాదిదారుడాయెను. అప్పగించిన సొత్తు విషయములో నమ్మకద్రోహము చేసినాడని ఠాణాలో కాగితమిచ్చెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 316వ సెక్షను. ఆ ఫిర్యాదు నిలుచునా నిలువదా అన్నది వేరు మాట. మూడు నెలల జీతపు మాట మాత్రము ఆనాటితో మరుగునపడెను. న్యాయము తనవైపునున్నవాడు తన న్యాయమును బంకు వద్ద వదలి వచ్చెను.

కాబట్టి మీ వద్దకు వచ్చిన కుర్రవానికి మొట్టమొదట చెప్పవలసినది ఇది: చేతిలోని లోడు దింపవలెను, బండిని యజమాని షెడ్డుకు చేర్చవలెను, మానుకొను మాట అటుతరువాత, ఎదుట కూర్చుండి ఎత్తవలెను. ఫోనులో, అందునను అర్ధరాత్రి దాబా వద్దనుండి, ఆ మాట ఎత్తరాదు. ఒక్కటి మాత్రము దీనికి మినహాయింపు. బ్రేకులు పట్టని బండిని, లేక మోయదగినదానికి మించి బరువెక్కించిన బండిని నడుపుమని బలవంతపెట్టినచో, దానిని భద్రమైన చోట నిలిపి, కారణమును వెంటనే యజమానికి వ్రాతమూలకముగా ఫోనులోనే పంపి, వేరొకరు వచ్చువరకు బండి వద్దనే ఉండవలెను. అది కొలువు మానుట కాదు, ప్రాణము కాచుకొనుట.

తరువాత మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. అతడు విసిగినది లారీతోనా, ఆ యజమానితోనా? దూరప్రయాణపు డ్రైవరుకు నిద్ర చాలదు, నడుము నిలువదు, బిడ్డ పుట్టిననాడు ఇంట నుండడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు పనియనియు, దూరపు దారులలో అనుమతితో పది గంటలకు మించరాదనియు చెప్పినది. ఆ చట్టము నేడు 2020 నాటి కోడులో కలిసిపోయినది. స్టీరింగు మీది కునుకుపాటు మాత్రము ఎందులోను కలిసిపోలేదు. దూరమే బాధయైనచో, అదే యజమానికి దగ్గరి దారిలో తిరుగు బండియున్నదేమో అడిగిచూచుట మంచిది. జగ్గయ్యపేట సిమెంటు, గుంటూరు మిరప, నూజివీడు మామిడి మోయు బండ్లకును డ్రైవర్లు కావలసినదే. అడుగకుండ మానినవారు కొందరు, ఆరునెలలకు అదే షెడ్డుకు తిరిగివచ్చుట నేను చూచితిని.

యజమాని పక్షమును మీరు కొంచెము తెలిసికొనవలెను. విజయవాడలో ఒకటి రెండు లారీలున్న యజమానులలో ఒకప్పుడు స్టీరింగు పట్టినవారే అనేకులు. బండి కదలినను కదలకపోయినను ఫైనాన్సు వాయిదా నెలనెల కట్టవలసినదే. మూడు నెలలకొకసారి పన్ను, ఏటేట బీమా. డ్రైవరు చెప్పకుండ మానినచో ఆ భారమంతయు నిలిచిన బండి మీద పడును. సంక్రాంతికి ఇంటికి వచ్చి తిరిగి పోకుండుట మన ప్రాంతమున ఒక అలవాటైనది. యజమానుల కడుపుమంటలో సగము దానివలననే. అందుచేత కనీసము పదునైదు దినములు ముందుగా చెప్పవలెను. నియామక పత్రములో నెలదినములని యున్నచో నెలదినములు. తన స్థానమున తగిన మనిషిని చూపగలిగినచో మరియు మంచిది. క్రొత్త డ్రైవరుతో ఒక ట్రిప్పు వెంటపోయి, ఈ బండి ఎత్తులో ఏ గేరు కోరును, ఎడమ బ్రేకు ఎంత ఆలస్యముగా పట్టును అను సంగతులు చెప్పినవానిని యజమాని ఎన్నటికిని మరువడు.

నోటిమాట చాలదు. ఒక కాగితము వ్రాయవలెను. డ్రైవరుకు వ్రాత అలవాటు లేనిచో మీరు వ్రాసిపెట్టుడు. ఈ మాత్రము చాలును:

"మ.రా.రా.శ్రీ యజమానిగారికి, మీ లారీ డ్రైవరు వ్రాసుకొను మనవి. నేను ఫలానా సంవత్సరము ఫలానా నెలనుండి మీ వద్ద పనిచేయుచున్నాను. ఇంటి పరిస్థితులవలన రాబోవు ఫలానా తేదీ తరువాత కొలువులో కొనసాగజాలను. ఆ లోపల నా మీదనున్న లోడు దింపి, లారీని షెడ్డుకు చేర్చి, కాగితములు, సామాను ఒప్పగించెదను. నా లెక్క చూచి రావలసినది ఇప్పింప వేడుచున్నాను. ఇన్నాళ్ళు నాకు పని యిచ్చినందుకు కృతజ్ఞుడను."

ఇందులో తగవు మాటలు వ్రాయరాదు. బాకీయున్నచో ఎంతయో అంకె వేయవచ్చును గాని నిందలు వేయరాదు. రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిమీద అందినట్లు తేదీతో సంతకము తీసికొనవలెను. సంతకమునకు యజమాని ఒప్పనిచో అదే కాగితమును ఫోనులో ఫోటోగా పంపినను, స్పీడు పోస్టులో పంపినను సాక్ష్యముగా నిలుచును.

ఒప్పగింత అనగా తాళములు బల్లమీద పెట్టుట కాదు. రిజిస్ట్రేషను, పర్మిటు, ఫిట్‌నెస్, బీమా, పొగ పరీక్ష కాగితములు ఒక్కొక్కటి చూపవలెను. జాకీ, వీల్ స్పానరు, స్టెప్నీ టైరు, పట్టాలు, మోకులు లెక్కపెట్టి ఈయవలెను. ట్యాంకులో డీజిలు ఎంతయున్నది, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నవి వ్రాసికొనవలెను. 2021 ఫిబ్రవరినుండి టోలుగేట్ల వద్ద ఫాస్టాగు తప్పనిసరియైనది. దానిలోని సొమ్మును ఆనాడే ఇరువురు చూచుకొనుట మంచిది. చలానాల సంగతి ఇంకను సున్నితమైనది. కెమెరాలు వ్రాయు చలానాలు ఎన్నో దినములకుగాని బయటపడవు. ఫలానా తేదీ ఫలానా గంటవరకు బండి ఈ డ్రైవరు చేతిలో నుండెనని ఒక్క వాక్యము వ్రాయించుకొన్నచో, తరువాతి డ్రైవరు చేసిన తప్పు వీని మెడకు చుట్టుకొనదు. డ్రైవింగు లైసెన్సును యజమాని బీరువాలో ఉంచుకొను అలవాటు కొన్నిచోట్ల కలదు. లైసెన్సు డ్రైవరు సొత్తు. దానిని తీసికొననిదే లేవరాదు.

ఇక లెక్క. నెలజీతమో, ట్రిప్పుకింతయో, కిరాయిలో వాటాయో, ఏ పద్ధతి యైనను డ్రైవరు దారిఖర్చుల పుస్తకము పూర్తిచేసి రసీదులతో ఈయవలెను. దారిబత్తా వేరు, ట్రిప్పు ఖర్చునకిచ్చిన సొమ్ము వేరు, ఇంటి అవసరమునకు తీసికొన్న అడ్వాన్సు వేరు. ఈ మూటిని కలిపి ఒకే అంకెగా చూచినప్పుడే తగవులు పుట్టుచుండును. 2019లో పార్లమెంటు చేసిన వేతనముల కోడు 2025 నవంబరు 21 నాడు అమలులోనికి వచ్చినది. రాజీనామా చేసినవానికి రావలసిన వేతనము రెండు పనిదినములలో చెల్లింపవలెనని దానిలోనున్నది. ఏ జీతకాలమునకైనను అందులో సగమునకు మించి కోతలు పెట్టరాదనియు, నష్టపు పేరిట కోయుటకు ముందు పనివాని సమాధానము వినవలెననియు అదే కోడు చెప్పుచున్నది. పదిమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థలో ఐదు సంవత్సరములు ఎడతెగక పనిచేసినవానికి, ఏడాదికి పదునైదు దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ కూడ రావలెను. యజమాని ఎదుట ఈ కోడులను మొదటనే విసరుట తెలివి కాదు. తెలిసియుండి, అవసరమైనప్పుడు మెల్లగా చెప్పవలెను. అప్పటికిని చెల్లనిచో విజయవాడలో లారీ యజమానుల సంఘము కలదు, కార్మికశాఖ అధికారులు కలరు. ముందు సంఘము, తరువాత శాఖ. ఆ క్రమము తప్పకున్నచో యజమానికి ముఖము చెల్లును, మనకు పని జరుగును.

అడ్వాన్సు తీరకుండ మానరాదని కొందరు యజమానులందురు. అది నిజము కాదు. అప్పు అప్పే, దానిని వాయిదాలుగా తీర్చవచ్చును. అప్పున్నంత మాత్రమున మనిషిని పనికి కట్టివేయరాదు. అట్లు కట్టివేయుటను 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము నేరముగా పరిగణించినది. ఐనను బాకీ ఎగవేయుటకు ఈ చట్టమును అడ్డుపెట్టుకొనుమని నేను చెప్పుట లేదు. ఎంత బాకీ, ఏ నెలలో ఎంత తీర్చునో వ్రాసి ఇరువురు సంతకము చేయవలెను.

అన్నిటికంటె మీకు సంబంధించినది చివర చెప్పుచున్నాను. అడ్వాన్సు ఇచ్చునాడు చాలచోట్ల ప్రామిసరీ నోటు వ్రాయించుకొందురు. ఊరి పెద్దవాని చేత హామీ సంతకము పెట్టించుకొందురు. డ్రైవరు అప్పు తీర్చి ఇంటికి వచ్చును, నోటు మాత్రము బీరువాలోనే యుండును. నోటు వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములవరకు దావా వేయవచ్చును. నడుమ కొంత జమ చేసినట్లు సంతకముతో వ్రాసియిచ్చినచో ఆ గడువు మరల మొదలగును. హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానమని 1872 నాటి ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. అనగా కుర్రవాడు దూరదేశములలో నున్నప్పుడు సమను మీ ఇంటికి రావచ్చును. ఖాళీ నోటు మీద సంతకమిచ్చియున్నచో ఇంకను ప్రమాదము. కాబట్టి లెక్క తేలిననాడే నోటు వెనుక చెల్లు వ్రాయించి, సంతకము చేయించి, నోటును చేతికి తీసికొనవలెను. పోయినదనిరా, అప్పు పూర్తిగా ముట్టినదనియు ఆ నోటు ఇక చెల్లదనియు వేరు కాగితము మీద వ్రాయించుకొనవలెను. మీ సంతకమున్న నోటు ఏదైన ఇంకను విజయవాడలో నిలిచియున్నచో, ఈ సంక్రాంతికి ఆ డ్రైవరు ఇంటికి వచ్చినప్పుడు అతనిని వెంటబెట్టుకొని మీరే ఒకసారి షెడ్డుకు వెళ్ళి తెచ్చుకొనుడు.