ఆకుమిడతను పోల్చుకోవడం ఎలా?

వానాకాలంలో మందార, జామ, నిమ్మ కొమ్మల్లో ఆకులో ఆకుగా కలిసిపోయే పచ్చని పురుగు కనిపిస్తే మిడత అనుకుంటాం. రాత్రి అదే కొమ్మలోంచి చప్పుడు వస్తే కీచురాయి అనుకుంటాం. చాలాసార్లు అది ఆ రెండూ కాదు. ఇంగ్లీషులో బుష్ క్రికెట్ అనీ, కాటిడిడ్ అనీ పిలిచే టెట్టిగోనిడే కుటుంబపు కీటకం. ఇక్కడ ఆకుమిడత అని పిలుచుకుందాం. ప్రపంచంలో వీటి జాతులు 7,000కు పైనే ఉన్నాయి.

ముందుగా మీసాలు చూడాలి. మామూలు మిడత మీసాలు పొట్టివి. ఆకుమిడతవి వెంట్రుకంత సన్నగా ఉండి, ఒంటికన్నా పొడుగ్గా సాగుతాయి. కీచురాయికీ మీసాలు పొడుగే కాబట్టి, తర్వాత రెక్కలు చూడాలి. కీచురాయి రెక్కలు వీపు మీద బల్లపరుపుగా పరుచుకుని ఉంటాయి. ఆకుమిడత రెక్కలు ఒంటికి రెండు పక్కలా వాలి ఉంటాయి. కొమ్మల్లో ఉండే లేతపచ్చ కీచురాళ్లను వేరు చేయడానికి ఈ గుర్తు బాగా పనికొస్తుంది. ఇంకా అనుమానముంటే భూతద్దంతో పాదం చూడండి. ఆకుమిడత పాదంలో నాలుగు కణుపులు, కీచురాయి పాదంలో మూడే.

ఆడదాని తోక దగ్గర కత్తిలాగానో కొడవలిలాగానో ఒక అవయవం పొడుచుకొస్తుంది. అది కొండి కాదు, గుడ్లు పెట్టే సాధనం. దాని ఆకారాన్ని బట్టి, పురుగు దొరికిన చోటును బట్టి ఏ గుంపుదో చాలావరకు తేలుతుంది. ముందు రెక్కలను దాటి వెనక రెక్కల కొసలు బయటికి కనబడుతూ, తోక దగ్గర పైకి వంగిన పొట్టి కొడవలి ఉంటే అది ఫానెరోప్టెరా కావచ్చు. ఇది ఆకు అంచును చీల్చి, పై పొరకూ కింది పొరకూ మధ్య గుడ్లు దోపుతుంది. గడ్డిలో దొరికే కోనోసెఫాలస్ చిన్నది, దీని ముఖం ఏటవాలుగా ఉంటుంది. సత్రోఫిలియా పచ్చగా కాక బెరడు రంగులో ఉండి, చెట్టుమానుకు అతుక్కుని కూర్చుంటుంది.

ఆకుమిడత చెవులు ముందుకాళ్ల మీద, మోకాలికి కాస్త కింద ఉంటాయి. కొన్నింటిలో కర్ణభేరి నున్నని గుడ్డు ఆకారపు మచ్చగా పైకే కనిపిస్తుంది. కొన్నింటిలో సన్నని చీలిక వెనక దాగి ఉంటుంది. ఇక పాట పుట్టేది రెక్కల్లో. ఎడమ రెక్క అడుగున పళ్ల వరుస ఉంటుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు, కుడి రెక్క అంచు ఆ వరుస మీద రాసుకుంటూ పోతుంది. ఎక్కువ జాతుల్లో పాడేది మగదే. ఆడది ఆ పాట విని తన జాతి మగదాన్ని గుర్తుపడుతుంది. అందుకే జాతికో పాట. వాటిలో చాలా పాటలు మన చెవికి అందే 20 కిలోహెర్ట్జ్‌ను దాటిపోతాయి.

మన కంటికి తేడా దొరకని చోట ఆ పాటే ఆధారమవుతుంది. దక్షిణ భారతంలోని మెకోపోడాలనే పెద్ద ఆకుమిడతలను బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు వివేక్ నిత్యానంద, రోహిణి బాలకృష్ణన్ పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. రూపంలో వేరు చేయలేని ఈ పురుగులు ఐదు రకాలుగా పాడుతున్నాయని తేల్చారు. ఒక పాటకు ట్రైన్ అనీ, మరోదానికి హెలికాప్టర్ అనీ పేర్లు పెట్టారు. మ్యూజియంలో సూదికి గుచ్చిన నమూనాల్లో ఈ తేడా ఎన్నటికీ కనబడదు.

కాబట్టి ఆకుమిడత కనబడితే చంపకుండా, పక్కనుంచి ఒక ఫొటో, తోక దగ్గరగా ఇంకొకటి తీయండి. పాడుతుంటే ఫోనులో రికార్డు చేయండి. అది ఉన్న మొక్క పేరు, తేదీ, వేళ రాసిపెట్టుకోండి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో, ఐనాచురలిస్ట్‌లోనో ఈ వివరాలన్నీ కలిపి పెడితే, ఆ జాతి మీ ఊళ్లో ఉందనడానికి అది శాస్త్రజ్ఞులు వాడుకోగల సాక్ష్యమవుతుంది. ఆకుకు రెండు చిల్లులు పడ్డాయని మందు కొట్టేముందు ఇంకో సంగతి కూడా గమనించాలి: ఆకుమిడతలన్నీ ఆకులు తినవు. హెక్సాసెంట్రస్ లాంటివి తోటి పురుగులనే వేటాడి తింటాయి. ఏది ఆకు తినేదో, ఏది పురుగును తినేదో తెలియకుండా కొట్టే మందు రెండింటినీ చంపుతుంది.