ఇంటనే డయాలిసిస్

మూత్రపిండములు చెడినవారికి ఆసుపత్రియే గతి యని మనలో పలువురి తలంపు. కాని 1964 నాటికే అమెరికాలోని సియాటిల్ నగరమున కొందరు రోగులు యంత్రమును ఇంటనుంచుకొని రక్తమును శుద్ధిచేసికొనిరి. 1976లో పోపోవిచ్, మాంక్రీఫ్‌లు యంత్రము అక్కరలేని పద్ధతిని వెల్లడించిరి. ఇందు పొట్టలోని పొరయే జల్లెడ. మెత్తని గొట్టముద్వారా సుమారు రెండు లీటర్ల ద్రవమును నింపి, కొన్ని గంటలుంచి, వెడలింపవలెను. సామాన్యముగా దినమునకు నాలుగు మార్లు.

శిక్షణకు ఆలుమగలిద్దరును పోవుట మేలని మా అభిప్రాయము. గొట్టమును ముట్టుటకు ముందు తలుపు మూసి, ఫ్యాను ఆపి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మన యిండ్లలో తలుపు మూయించుటయే కష్టము! వెలికివచ్చిన ద్రవము కలకబారినచో సూక్ష్మజీవులు చేరినవని అనుమానించి, తెల్లవారువరకు ఆగక వైద్యునికి తెలుపవలెను. చేతనైనంత రోగియే చేసికొనుట మంచిది; రాత్రి సంచి మార్చిన యిల్లాలికి ఉదయము వంటపనియు కలదు గదా.