చీనావారి పండ్ల పాయసము



మన తెలుగు గ్రామములనుండి చదువులకును ఉద్యోగములకును సింగపూరునకు పోయి అచ్చట కాపురములు పెట్టినవారు నేడు అనేకులు కలరు. 1975 నుండియు వారికి అచ్చట తెలుగు సమాజము కలదు. బిడ్డలను, మనుమలను చూచి రావలెనని ఇచ్చటి పెద్దలును అప్పుడప్పుడు ఆ నగరమునకు పోవుచున్నారు. రాత్రి భోజనమైన పిదప మనుమలు “తాతయ్యా, తీపి తిని వద్దాము రండి” అని పిలుచుకొనిపోవు చోటు ఒకటి కలదు. అది చీనావారి పండ్ల పాయసపు అంగడి. ఎరుగని పదార్థమును చూచి వెనుదీసినచో పిల్లల మనస్సు నొచ్చును. విచారింపక తినినచో ఆచారమునకో ఆరోగ్యమునకో హాని కలుగవచ్చును. ఈ రెండు చిక్కులును లేకుండుటకై ఆ గిన్నెలో ఏమి యుండునో ముందుగా తెలిసికొందము.

సింగపూరు జనులలో అధికభాగము ప్రభుత్వ సంస్థ కట్టించిన ఎత్తైన మేడలలో కాపురముందురు. అట్టి మేడల క్రింది అంతస్తులలోను, పాతపేటల వీధులలోను ఈ చిన్న అంగళ్లుండును. కొలది బల్లలు, గోడపై పదార్థముల బొమ్మలు, వాని ప్రక్క వెలలు, ఇదియే సామాన్యముగా కనబడు అమరిక. భాష రానివారు బొమ్మను చూపి అడుగవచ్చును. చాలచోట్ల ముందుగా సొమ్ము చెల్లించి, గిన్నెను తామే బల్లయొద్దకు తెచ్చుకొనవలెను. ఇట్టి అంగళ్లు పెక్కు ఒకచోట చేరియుండు భోజనాంగణములలో, తినిన పిదప పళ్లెమును నియమించిన చోట ఉంచుట 2021 నుండి తప్పనిసరియైనది.

ఈ తీపి పదార్థములకు దక్షిణ చీనావారి భాషలో ‘తోంగ్ సుయ్’ అని పేరు. చక్కెర నీరు అని దాని యర్థము. మనకు వేడిచేయు వస్తువులు, చలువచేయు వస్తువులు అను విభాగ మున్నట్లే వారికిని కలదు. వేసవిలో చలువకై పెసలతో పాయసము కాచుదురు. నల్లనువ్వులను నూరి, చిక్కని జావవలె కాచి వేడిగా త్రాగుదురు. పండ్లు చేర్చినవి ఈ కుటుంబములో క్రొత్త తరమువి.

వానిలో మిక్కిలి పేరుపొందినది మామిడిపండు, పంపరపనస, సగ్గుబియ్యము కలిపి చేయునది. మామిడిగుజ్జును కొబ్బరిపాలతోను, చిక్కబరచిన ఆవుపాలతోను మెదిపి చల్లబరచుదురు. సగ్గుబియ్యమును విస్తారమైన నీటిలో ఉడికించి, గింజ నడుమ తెల్లని చుక్క మాత్రము మిగిలినప్పుడు పొయ్యి ఆర్పి మూతవేయుదురు. లోని వేడికే ఆ చుక్క కరగి గింజ అద్దమువలె నగును. వెంటనే చన్నీట కడుగుదురు. కడుగనిచో గింజలు ఒకదాని నొకటి అంటుకొని ముద్దయగును. పిదప మామిడిముక్కలను, విడదీసిన పంపరపనస తొనల రేకులను పైన వేయుదురు. మామిడి తీపికిని పాల కమ్మదనమునకును ఆ రేకుల పులుపు, చిరుచేదు విరుగుడుగా నుండుటచేత నోటికి వెగటు కలుగదు.

దీనిని హాంకాంగునకు చెందిన లేయ్ గార్డెన్ అను భోజనశాలవారు 1984లో తమ సింగపూరు శాఖకై కల్పించిరని చెప్పుదురు. దీని చీనా నామమునకు ‘విల్లోకొమ్మ, తీయని మంచు’ అని యర్థము. బౌద్ధుల అవలోకితేశ్వరుని చీనావారు స్త్రీరూపమున కొలుతురు. ఆ దేవత చేతిలో విల్లో అను చెట్టు కొమ్మయు, దివ్యజలము గల కలశమును ఉండును. సంస్కృత గ్రంథములను తర్జుమా చేసిన చీనా పండితులు ‘అమృతము’ అను మాటకు వాడిన పదమే ఈ తీయని మంచు. మన సగ్గుబియ్యములోని ‘సగ్గు’ మలయా భాషలోని ‘సాగు’ అను మాటనుండి వచ్చినది. సింగపూరు చీనాపేటలో సగ్గుబియ్యపు పేరుగల వీధి నేటికిని కలదు; 19వ శతాబ్దమున అచ్చట సగ్గుబియ్యపు కర్మాగారము లుండెడివి. వారిది మొదట సాగుతాటి బోదెలోని పిండితో చేసినది. మన సామర్లకోట ప్రాంతమున కర్రపెండలముతో చేయుదురు.

ఇక శాకాహారులు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. ఈ అంగళ్లలో చూపునకు ఒక్కతీరున నుండి, పుట్టుకలో మిక్కిలి భిన్నములైన జంటలు రెండు కలవు. మొదటిది నల్లనిజంట. రెండును నల్లని జున్నుముక్కలవలె వణకుచుండును. ఒకటి ‘చిన్‌చౌ’, మన తులసి కుటుంబమునకు చెందిన మొక్కను కాచి, పిండి కలిపి గడ్డకట్టించినది. రెండవది ‘గుయ్‌లింగ్‌గావ్’; సంప్రదాయముగా మూలికలతోపాటు తాబేటి అడుగుచిప్ప పొడి చేర్చి చేసినది. రెండవ జంట తెల్లనిది. రెండును బొప్పాయితో కలిసి వచ్చును. ఒకటి నీటిలో నానిన తెల్ల పుట్టగొడుగు. రెండవది ‘హాష్మా’, ఆడుకప్ప కడుపులోని క్రొవ్వును ఎండించి నానబెట్టినది. మామిడిపండుతో గడ్డకట్టించిన పుడ్డింగునందు సాధారణముగా జెలటిను ఉండును. అది పశువుల చర్మము, ఎముకలనుండి తీసినది. సముద్రపు నాచుతో గడ్డకట్టించినదైనచో దోషము లేదు. కావున కన్నును నమ్మక, ఏ వస్తువుతో చేసిరో మనుమలచేత అడిగించి తెలిసికొనవలెను.

ఆరోగ్య విషయమున రెండు మాటలు. మధుమేహము గలవారికి ఈ గిన్నెలో మామిడి, చక్కెర, సగ్గుబియ్యము మూడును భారమే. రెండు చెంచాలు రుచిచూచి తక్కినది పిల్లలకు విడుచుట మేలు. రెండవది అంతగా తెలియనిది. కొన్ని మందులను పేగులలోని ఒక ద్రవ్యము కొంత విరుగగొట్టి, మితముగా రక్తములోనికి పంపును. గ్రేప్‌ఫ్రూట్ అను పండు ఆ ద్రవ్యమును అణచివేయుటచే మందు మితిమీరి రక్తమున చేరును. ఆ పండు పంపరపనసకును నారింజకును పుట్టిన సంకరము. పంపరపనసకును ఇట్టి గుణము ఉండవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. రక్తపోటునకో రక్తములోని క్రొవ్వునకో మందులు వాడువారు ప్రయాణమునకు ముందే తమ వైద్యుని ఈ సంగతి అడుగుట మంచిది.

ఇంతమాత్రము తెలిసియున్నచో ఆ అంగడి పరాయిది గాదు. గిన్నె ముందుకు రాగానే “ఇది మన సగ్గుబియ్యము వంటిదే, ఇది మన పెరటి పంపరపనసయే, ఆ నల్లనిది ఏ జంటలోనిదో అడిగి రమ్ము” అని మీరే చెప్పవచ్చును. తీసికొనిపోయినవారు మనుమలైనను, అచ్చట వారికి నాలుగు సంగతులు తెలుపువారు మీరే యగుదురు.