వధువు కంటె ముందు వెళ్ళిన పటం

కాళిదాసు నాటకంలో అగ్నిమిత్రుడు మాళవికను మొదట చూచినది చిత్రపటంలోనే. పటం చూచి మనసుపడడం మన ప్రాచీన నాటకకర్తలకు ప్రియమైన ఘట్టం. పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపా రాజాస్థానాలలో మాత్రం అది కవికల్పన కాదు, రాచకార్యం. ఫ్రెంచి చిత్రకారుడు జోసెఫ్ డ్యుక్రో 1769లో వియన్నాలో చిత్రించిన మేరీ ఆంటోనెట్ పటం ఇందుకు చక్కని నిదర్శనం.

అప్పటికామె 13 ఏండ్ల బాలిక. ఆస్ట్రియా పాలకురాలు మరియా తెరిసా కుమార్తె. తరతరాల వైరం చాలించి ఆస్ట్రియా, ఫ్రాన్సు 1756లో సంధి చేసుకొన్నవి. ఆ మైత్రిని వియ్యంతో స్థిరపరచుకోవాలని ఉభయుల సంకల్పం. వరుడు ఫ్రెంచి రాజు 15వ లూయీ మనుమడు. పిల్ల రూపురేఖలు ఎరుగడానికై రాజు ఈ చిత్రకారుని పంపినాడు. ఆమె నుదురు ఎత్తుగా కనబడకుండా జుట్టు తీర్చడానికి సైతం ఫ్రాన్సునుండి ఒక నిపుణుడు వచ్చినాడు!

డ్యుక్రో వాడిన సాధనం పాస్టెల్. రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి చేసిన కణికలివి. పలకమీద వ్రాసే సుద్దముక్కల వంటివి. తైలవర్ణంవలె ఆరేవరకు వేచియుండనక్కరలేదు. చెక్కిలి నునుపు, పౌడరు చల్లిన జుట్టు వీటితో సహజంగా రూపుకడతవి. అయితే రంగు పైపైన అంటియుండడంచేత వ్రేలు సోకితే చెదిరిపోతుంది. అందుకే ఇట్టి పటాలను అద్దం క్రింద భద్రపరుస్తారు.

పటం ఫ్రాన్సు చేరింది. 1770 ఏప్రిల్ 19న వియన్నాలో వరుడు లేకుండానే పెండ్లి జరిగింది. అతని స్థానంలో నిలిచినవాడు వధువు అన్న ఫెర్డినాండు. మే 16న వెర్సాయ్‌లో అసలు వరునితో వివాహం జరిగింది. చిత్రకారునికి బారన్ బిరుదు లభించింది.

పటంలోని ముఖం ఆ బాలికదే. కాని అందులో ఏది కనబడాలో, ఏది మరుగుపడాలో నిర్ణయించినవారు పెద్దలు. తన రూపం ఏ రాజ్యానికి ఏమి చెప్పవలెనో ఆమెను అడిగినవారు లేరు.

ఇరవైనాలుగేండ్లు గడచినవి. విప్లవం రాజరికాన్ని కూలద్రోసింది. 1793 అక్టోబరు 16న వధ్యస్థానానికి బండిలో పోతున్న ఆమెను జాక్ లూయీ దావీద్ కలంతో కొద్దిపాటి గీతలలో గీచినాడు. కత్తిరించిన జుట్టు, వెనుకకు కట్టిన చేతులు, బిగిసిన పెదవులు. ఇక్కడ అలంకారం లేదు. అయినా ఇదే నిజమైన రూపమని తేల్చివేయరాదు; దావీద్ ఆమె భర్త మరణదండనకు సమ్మతి తెలిపిన ప్రతినిధులలో ఒకడు. మొదటి పటం సంబంధం కోరినవారి చూపు. రెండవది పగవారి చూపు.

కనుక రాచపటం ఎదుట నిలిచినప్పుడు దాని అందాన్ని మెచ్చుకొందాం. పిదప, దీనిని వేయించినదెవరు, ఎవరికి చూపడానికి వేయించినారు అనికూడ ఒకమారు ప్రశ్నించుకొందాం.