ఒక్క యూనిట్ దాటితే.. రూ.207 మోత!

* రెండొందల గీత దగ్గరే జేబుకు చిల్లు
* ఉమ్మడి మీటర్లతో నలుగుతున్న అద్దెదారులు
* కూరగాయల నుంచి గ్యాస్ వరకు కాస్త చూసుకుంటే ఆదా

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: జీతం చేతికి అందడమే ఆలస్యం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, పాలు, గ్యాస్, కరెంటు.. పదో తేదీ నాటికి సగటు జీవి జేబు ఖాళీ. గడ్డిఅన్నారం, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీల్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఇదే గోడు. చిరుద్యోగులు, చిల్లర వ్యాపారులు, ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసం జిల్లాల నుంచి వచ్చి గదులు తీసుకున్న యువకులు ఎక్కువగా నివసించే ప్రాంతమిది. ఖర్చు తగ్గించాలనుకోగానే వీరు ముందుగా కోత పెట్టేది పాలకు, పండ్లకు. డబ్బు నిజంగా జారిపోయేది మాత్రం మరోచోట. గోడకు వేలాడే కరెంటు మీటరులో 200 అంకె దాటే ఆ ఒక్క క్షణంలో.

గీత దాటితే మొదటి యూనిట్ నుంచే

రాష్ట్రంలో గృహ వినియోగదారులకు 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యుత్ ధరలే 2025-26లోనూ కొనసాగాయి. వీటి ప్రకారం నెలకు వంద యూనిట్లలోపు వాడే ఇంటికి తొలి 50 యూనిట్లకు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10 చొప్పున పడుతుంది. వంద దాటి రెండొందల లోపు వాడితే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. రెండొందలు దాటితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మొదటి 200 యూనిట్లన్నింటికీ రూ.5.10 కట్టాలి. ఆపై మూడొందల వరకు రూ.7.70, నాలుగొందల వరకు రూ.9 వంతున పెరుగుతూ పోతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. అదనంగా వాడిన యూనిట్లకే ఎక్కువ ధర పడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి గీత దాటగానే మొదటి యూనిట్ నుంచే ధర మారుతుంది. సరిగ్గా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి విద్యుత్ చార్జీ రూ.820. పక్కింట్లో 201 కాల్చితే రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు తేడా రూ.207.70. వంద దగ్గరా ఇదే తంతు. వంద యూనిట్లకు రూ.252.50 అయితే, నూటొకటికి రూ.344.80. స్థిర చార్జీలు, వినియోగదారుల చార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం.

గృహజ్యోతి లబ్ధిదారులకు ఈ గీత మరింత కీలకం. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే ఈ పథకాన్ని ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభించగా, మార్చి నుంచి జీరో బిల్లుల జారీ మొదలైంది. అయితే ఏ నెలలోనైనా రెండొందలు దాటితే ఆ నెల ఉచితం వర్తించదు. మొత్తం బిల్లు చెల్లించాల్సిందే. అంటే 205 యూనిట్లు వాడిన ఇంటిపై రూ.1,058.50 భారం పడుతుంది. ఆ అయిదు యూనిట్లు ఎంతని? రెండు వేల వాట్ల గీజరు రెండున్నర గంటలు వేస్తే కరిగిపోయేవే. ఇంట్లో పెళ్లివారు దిగిన నెలలో, పిల్లలకు సెలవులిచ్చిన మే నెలలో జీరో బిల్లు కాస్తా వెయ్యి రూపాయల బిల్లుగా మారడానికి కారణం ఇదే.

మూడు వాటాలు.. ఒకటే మీటరు

ఈ ప్రాంతంలో అద్దెదారుల పరిస్థితి గోరుచుట్టుపై రోకటిపోటు. రెండంతస్తుల ఇంట్లో మూడు వాటాలు, అన్నింటికీ ఒకటే సర్వీసు. ఒక్కో కుటుంబం పొదుపుగా 90 యూనిట్లే వాడినా మీటరులో 270 తిరుగుతుంది. బిల్లు రూ.1,559. అవే మూడు కుటుంబాలకు వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి రూ.221.50 చొప్పున మొత్తం రూ.664.50 మాత్రమే. నెలకు దాదాపు రూ.900 ఎవరికీ ఉపయోగపడకుండా పోతోందన్న మాట. కొన్ని ఇళ్లలో సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిది, తొమ్మిది రూపాయలు వసూలు చేయడమూ కద్దు. తొమ్మిది చొప్పున లెక్కగడితే 90 యూనిట్లకు రూ.810. సొంత మీటరు ధరతో పోలిస్తే ఇది మూడున్నర రెట్లకు పైమాటే.

అద్దెకున్నవారు గృహజ్యోతికి అనర్హులన్న అపోహ కూడా ఉంది. అద్దెదారులకూ పథకం వర్తిస్తుందని ప్రభుత్వం అప్పట్లోనే స్పష్టం చేసింది. కాకుంటే ఆ వాటాకు విడిగా సర్వీసు నంబరు ఉండాలి, దానిని రేషన్ కార్డుకు అనుసంధానించుకోవాలి. 2025లో కొత్తగా కార్డులు పొందినవారు ఈ విషయం గమనించాలి. కార్డు వచ్చినంత మాత్రాన బిల్లు దానంతటదే సున్నా కాదు. విడి మీటరుకయ్యే ఖర్చు యజమాని భరించాలా, అద్దెదారు భరించాలా అన్నది గది చేరేముందే తేల్చుకోవడం మేలు. అడ్వాన్సు ఇచ్చేశాక ఆ మాట ఎత్తితే వినే యజమానులు తక్కువ.

ఫ్యాన్లే పెద్ద గుటక

ఏసీ లేని ఇంట్లో కరెంటు ఎవరు తాగుతున్నారంటే అందరూ టీవీ వైపు వేలు చూపుతారు. నిజానికి పైన తిరిగే ఫ్యానును ఎవరూ అనుమానించరు. పాతరకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటుగా తీసుకుంటుంది. నెలకు 11 యూనిట్లు దాటదు. మూడు ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్లు తగ్గుతాయి. నెలకు 230 యూనిట్లు వాడే ఇంటికి బిల్లు రూ.1,251 నుంచి 182 యూనిట్లకు దిగి, సుమారు రూ.734 అవుతుంది. మూడింటినీ ఒకేసారి కొనలేనివారు రాత్రంతా తిరిగే పడకగది ఫ్యానుతో మొదలుపెట్టవచ్చు. వంటింట్లో గంటసేపు తిరిగే ఫ్యాను జోలికి ఇప్పట్లో వెళ్లనవసరం లేదు.

రోజూ అరగంట గీజరు వేస్తే నెలకు 30 యూనిట్లు. ఏసీ ఉన్నవారు ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం విద్యుత్ మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది.

ఇన్ని లెక్కలకన్నా సులువైన పని మరొకటుంది. బిల్లు కొట్టిన రోజు రీడింగును, పదిహేనో రోజున మీటరులో కనిపించే అంకెను క్యాలెండరుపై రాసుకుని చూడాలి. సగం నెలకే తేడా నూటపది దాటితే మిగిలిన పక్షం జాగ్రత్త పడటానికి వ్యవధి ఉంటుంది. గత రీడింగుకు, ఇప్పటి రీడింగుకు మధ్య ఎన్ని రోజులు గడిచాయో కూడా బిల్లుపై తేదీలను బట్టి సరిచూసుకోవాలి. 2020 లాక్‌డౌన్ అనంతరం మూడు నెలల రీడింగును జూన్‌లో ఒకేసారి తీసినప్పుడు నగరమంతటా చెలరేగిన గగ్గోలు ఈ స్లాబుల గురించే.

రైతుబజారులో బోర్డు చూశాకే బేరం

కరెంటు తర్వాత నెలసరి ఖర్చులో పెద్దపీట కూరగాయలది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో సరూర్‌నగర్, వనస్థలిపురం బజార్లు ఈ ప్రాంత వాసులకు అందుబాటులో ఉన్నాయి. టోకు ధరకంటే సుమారు పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధరకంటే పాతిక శాతం తక్కువ ఉండేలా రోజూ ధర నిర్ణయించాలన్నది వీటి ఉద్దేశం. ఆ ధరలు ప్రవేశద్వారం వద్ద బోర్డుపై రాస్తారు. కొనేవారిలో ఎందరు తలెత్తి ఆ బోర్డు చూస్తున్నారన్నదే ప్రశ్న. లోపల అడిగిన ధర బోర్డుకన్నా ఎక్కువైతే అక్కడే ఉండే ఎస్టేట్ అధికారికి చెప్పవచ్చు.

ఉదయం వెళ్తే సరకు నవనవలాడుతుంది. పొద్దు వాలాక వెళ్తే ఆకుకూరలు, టమాటా ధర దిగివస్తుంది. ఆ పూటకే వండుకునేవారికి సాయంత్రమే లాభం. వారానికి సరిపడా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేవారికి మాత్రం వాడిపోయిన కూర చౌకగా వచ్చినా చివరికి చెత్తబుట్ట పాలే.

పండ్ల విషయంలో స్థానికులకు పాత సౌలభ్యం పోయింది. 1986లో ఏర్పడిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లు వేసవిలో నాలుగిళ్లవారు కలిసి మామిడి పెట్టె కొని పంచుకునేవారు. 2021 సెప్టెంబరులో దానిని మూసివేసి విజయవాడ రహదారిపై ఉన్న బాటసింగారానికి తరలించారు. పాత స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు ఒక్క పెట్టె కోసం బాటసింగారం వెళ్తే ఆటో ఖర్చుకే మిగులు సరి. పది కుటుంబాలు కలిసి వెళ్తే తప్ప గిట్టుబాటు కాదు.

ప్యాకెట్టు అదే.. బరువు వేరు

కిరాణాలో ధర పెంచకుండా బరువు తగ్గించే పద్ధతి చాప కింద నీరులా సాగుతోంది. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి అదే పరిమాణంలో ఉన్న కొన్ని ప్యాకెట్లపై 850, 800 గ్రాములని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పది రూపాయలు తక్కువని అది తీసుకుంటే గ్రాము లెక్కన ఎక్కువే చెల్లించినట్లు కావచ్చు. ప్యాకెట్లపై గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంతో తెలిపే ధర కూడా ముద్రించాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఎమ్మార్పీ పక్కనే వెతికితే కనిపిస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెపై పన్ను 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి రూ.118 ఉన్న వస్తువు ఆ లెక్కన రూ.105కు రావాలి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ పూర్తిగా ఎత్తివేశారు.

రేషన్ కార్డుదారులకు 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం అందుతోంది. మనిషికి ఆరు కిలోలు, ఉచితంగా. దొడ్డు బియ్యమిచ్చిన రోజుల్లో వాటిని అయినకాడికి అమ్ముకుని బయట సన్నబియ్యం కొన్న కుటుంబాలకు ఇది నికరమైన ఆదా.

నీళ్లు, గ్యాస్, మందులు

జలమండలి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2020 డిసెంబరు వాడకం నుంచి అమలైంది. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు చాలు. మీటరు పనిచేయాలి, ఆధార్ అనుసంధానం కావాలి. అపార్టుమెంట్లలో ఒక్కో ఫ్లాటు విడిగా అనుసంధానం చేసుకోవాలి. చేయనివారి వాటా నీటికి బిల్లు వస్తుంది, అది నిర్వహణ రుసుము కింద అందరి నెత్తినా పడుతుంది.

హైదరాబాద్‌లో వంటగ్యాస్ సిలిండరు ధర 2025 ఏప్రిల్‌లో రూ.905కు చేరింది. రశీదులోని మొత్తంలోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉంటుంది. పైన అడిగే ముప్పై, యాభై ఇవ్వనక్కర్లేదు. సిలిండరుపై రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి. అనుమానం ఉంటే తెచ్చిన వ్యక్తినే తూచి చూపించమనవచ్చు.

బీపీ, మధుమేహం మందులు నెలనెలా కొనేవారు వైద్యుడిని అడిగి రసాయన నామంతో చీటీ రాయించుకుంటే జనఔషధి దుకాణాల్లో అవే మందులు సగం ధరకు, అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి. ఇంట్లో పెద్దవారి ఫోన్‌కు డేటా అక్కర్లేకుంటే కాల్స్, సందేశాలకే పరిమితమైన ప్యాకులున్నాయి. ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక కంపెనీలు వీటిని తెచ్చాయి, కానీ దుకాణదారులు అడిగితే తప్ప చెప్పరు. ఇక 2023 డిసెంబరు 9న ప్రారంభమైన ఉచిత ప్రయాణం నగరంలో మహిళలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వర్తిస్తుంది, మెట్రో డీలక్స్‌లో వర్తించదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రద్దీ వేళ తొందరపాటులో వేరే బస్సెక్కి టికెట్ కొనేవారు ఉంటూనే ఉన్నారు.

ఎక్కడ అడగాలి?

కరెంటు బిల్లులో తేడా ఉంటే 1912కు ఫోన్ చేయవచ్చు, లేదా సెక్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దుకాణంలో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 అందుబాటులో ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందుగా అడిగేది పాత బిల్లులే. ఇంటి వద్ద యంత్రంతో కొట్టి ఇచ్చే కాగితంపై అక్షరాలు కొద్ది నెలల్లోనే చెరిగిపోతాయి. అందుకని చేతికి అందిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి.