పాత బొమ్మకు క్రొత్త రంగు

కోరుట్లలో ఒక మిత్రుని యింట అటుకపైనుండి బొమ్మల కొలువు పెట్టె దింపిరి. అందు ముక్కు విరిగిన గరుత్మంతుడు, తోక పోయిన సింహము, రంగు వెలసిన పులి మొదలుగా పండ్రెండు బొమ్మలు గలవు. మిత్రుడు బడిపంతులు. తరగతిలో కథలు చెప్పుటకు బొమ్మలు కావలెను. క్రొత్తవి కొనుటకు పైకము చాలదు. "పాతవానినే గరుకుకాగితముతో రుద్ది, పిల్లలచేత రంగు వేయింతును" అనెను. ఆ మాట నన్ను ఆలోచింపజేసినది.

బొమ్మలతో కథ నడపుట మనకు క్రొత్త గాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు చేసిన బొమ్మలను నిలిపి మందహెచ్చులవారు కాటమరాజు కథ చెప్పుదురు. పడమటి దేశములందు బల్లమీద చిన్నబొమ్మల సేనలను నడిపి ఆడు వినోదము గలదు, ఎచ్. జి. వెల్స్ 1913లో అట్టి ఆటకు నియమములు కూర్చి గ్రంథము ప్రకటించెను. నేడు రాక్షసులు, రెక్కల సర్పములు ఆ సేనలలో చేరినవి. అచ్చటివారును వాడిన బొమ్మలను చవుకగా కొని క్రొత్త రంగు వేసికొందురు.

మన బొమ్మల తీరు వేరు. జగిత్యాల జిల్లానుండి గోదావరి దాటిన నిర్మల్ జిల్లాయే. నిర్మల్ బొమ్మ మెత్తని పొణుకు కఱ్ఱతో చేసినది. చేర్యాల పనిలో చింతగింజల జిగురు, రంపపుపొట్టు వాడుదురు. ఇవి నీటికి ఓర్వవు. కనుక కడుగరాదు; మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. విరిగినచోట ఆ జిగురులో పొట్టు కలిపి మెత్తవలెను. వడ్రంగి నడిగిన పొట్టు ఊరక ఇచ్చును. పగులుపై జిగురులో తడిపిన నూలుపేలిక అంటింపవలెను. సిరిసిల్ల వంటి నేతయూర పేలికలకు కొఱత యేమి? ఎండిన పిమ్మట సుద్దపూత, ఆపై పలుచని రంగు రెండు పూతలు. కన్నులు కడపట దిద్దవలెను. ఎఱుపు, పసుపు, నీలము, తెలుపు, నలుపు – ఐదు రంగులు చాలును.

అయితే పాత మెరుగురంగులో సీసము ఉండవచ్చును. గృహాలంకరణ రంగులందు సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమములు మన దేశమున 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినవి. అంతకు పూర్వపు బొమ్మను పొడిగా రుద్దినచో ధూళి ఊపిరిలోను, చేతులనుండి నోటిలోను చేరును. సీసము స్వల్పమైనను పసివారి మెదడునకు చేటు. పొదుపు కొరకు పిల్లల ఆరోగ్యమును వెచ్చింపరాదు. మఱియు పాత చిత్రకారుని కుంచెపని చక్కగా నిలిచియున్న బొమ్మపై క్రొత్త రంగు పూయుట ఆ పనిని తుడిచివేయుటయే.

మిత్రుడు నా మాట మన్నించెను. పాతబొమ్మలు అద్దాల బీరువా చేరినవి. వానిని చూచి పిల్లలు పొట్టుతో, జిగురుతో క్రొత్తవి చేసి రంగులు వేసిరి. వారి సింహము పిల్లివలె నున్నది; కథ చెప్పునపుడు మాత్రము అందఱును దానినే అడుగుచున్నారు.